ముందు దోమతెర, ఆ తర్వాతే కత్తి

కార్తీక మాసం రాగానే విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లకు కాళ్లు నిలవవు. వనభోజనాలకని తాటిపూడి జలాశయం గట్టుకు వెళ్లి పొద్దుగూకేసరికి ఇల్లు చేరడం ఎప్పటినుంచో ఉన్నదే. ఇప్పుడు ఆ రాత్రి కూడా అక్కడే గడపాలన్న సరదా మొదలైంది. కొందరు సీతంపేట దాటి ఆడలి వైపు పోతారు, కొందరు మందస మీదుగా మహేంద్రగిరి పాదాల దాకా, మరికొందరు శృంగవరపుకోట పుణ్యగిరి వైపు. ‘బుష్‌క్రాఫ్ట్’ అని దానికో పేరు. అడవిలో దొరికేదానితో, చేతి పనితనంతో రాత్రి గడిపే విద్య అట. సరదా మంచిదే. నా తగువల్లా బయల్దేరే ముందు వాళ్లు కట్టే మూటతో, ఆ మూట ఎలా కట్టాలో నేర్పుతున్న గురువులతో.

గురువులందరిదీ ఒకటే పాఠం. పిడి చివరిదాకా ఒకే ఉక్కుముక్కగా దిగిన కత్తి మొదట కొనాలి. దానికి తోడు చిన్న గొడ్డలి, మడత రంపం, గీస్తే రవ్వలు రాల్చే ఫెర్రో రాడ్డు, పారాకార్డు చుట్ట, మంట మీద పెట్టుకునే స్టీలు డబ్బా, సున్నా డిగ్రీల చలికి ఆగే స్లీపింగ్ బ్యాగు, ఇవన్నీ పట్టే అరవై లీటర్ల సంచి. అమెరికాలో డేవ్ కాంటర్‌బరీ అనే ఆయన దీన్నంతా ఐదు ‘సీ’లుగా కుదించి ప్రచారంలోకి తెచ్చాడు: కోసేది, నిప్పు పుట్టించేది, కప్పు వేసేది, నీళ్లు పట్టేది, కట్టేది. ఈ ఐదూ దగ్గరుంటే అడవి మననేం చెయ్యలేదనీ, ఐదింటికీ పెద్ద కత్తేననీ మనవాళ్లు కూడా గట్టిగా నమ్ముతున్నారు.

ఈ నమ్మకం మన కొండలకు పనికిరాదు. ఇక్కడ కొత్తవాడి సంచిలో మొదట పడాల్సింది దోమతెర. తర్వాత నీళ్లు, బరకం, టార్చిలైటు. కత్తి వంతు ఎప్పుడో ఆ తర్వాత.

ఆ జాబితా ఏ అడవిలో పుట్టిందో చూడండి. ఈ విద్యకు పోయిన శతాబ్దంలో పెద్ద గురువుగా చెప్పుకునే మోర్స్ కొచాన్‌స్కీ కెనడా ఉత్తరాది అడవుల మనిషి. అక్కడ బట్టలు తడిసి చలిగాలికి దొరికితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి నిప్పు కావాలి. మంచుకు తడిసిన కట్టె అంటుకోదు కాబట్టి దుంగను చీల్చి లోపలి పొడి చెక్క తీయాలి. చీల్చడానికి గొడ్డలి, ఆ చెక్కను ఈకల్లా సన్నగా చెక్కడానికి కత్తి. లెక్క ఎక్కడా తప్పలేదు. అయితే ఆ లెక్కంతా చలి అనే మొదటి అంకె మీద నిలబడింది. మన దగ్గర ఆ అంకే వేరు. పుష్యమాసంలో సీతంపేట కొండ మీద తెల్లవారుజామున పళ్లు కొట్టుకుంటాయి, కాదనను. ఒక రగ్గుతో, ఒక మఫ్లరుతో తీరిపోయే చలి అది.

అసలు పాత గురువులు ఇంత మోయమని చెప్పలేదు కూడా. నెస్‌మక్ అనే కలంపేరుతో 1884లో ‘వుడ్‌క్రాఫ్ట్’ రాసిన జార్జ్ సియర్స్, తన పడవ, దుప్పటి, చిన్న గొడ్డలి, రెండు రోజుల తిండి అన్నీ కలిపినా 26 పౌన్లు మించలేదని రాసుకున్నాడు. అంటే పన్నెండు కిలోల లోపు, పడవతో సహా! ఆయన శిష్యపరంపర మాదే అనేవాళ్లు ఇప్పుడు పడవ లేకుండానే అంతకు మించి మోయిస్తున్నారు.

మన కొండల్లో మనిషిని పడగొట్టేదేమిటో తెలియాలంటే కెనడా దాకా ఎందుకు, పర్లాకిమిడి దాకా పోతే చాలు. గిడుగు రామమూర్తి పంతులుగారు 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, సవర భాష నేర్చుకోవాలని సవరల గూడేలకు కొండలెక్కి తిరిగారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చువేయించారు. ఈ ప్రాంతంలో చదువుకున్నవాళ్లలో ఆయనంత పట్టుదలగా అడవి తిరిగినవాళ్లు అరుదు. ఆ తిరుగుళ్లు ఆయన ఒంటికి మిగిల్చిన దెబ్బ పులిదీ కాదు, ఎలుగుదీ కాదు. దోమది. మలేరియా పట్టుకుంటే క్వినైను మింగారు. ఆ క్వినైను ఆయన వినికిడిని తినేసింది. జనం మాట్లాడే భాషే పుస్తకాల్లోకి రావాలని జీవితమంతా పోరాడిన మనిషి, జనం మాట్లాడేది వినపడని చెవులతో ఆ పోరాటం చేశారు.

ఆయన కొండలెక్కడం మొదలుపెట్టిన రోజుల్లో మలేరియా దోమ వల్ల వస్తుందని ఇంకా రుజువు కాలేదు. రోనాల్డ్ రాస్ సికిందరాబాదులో దోమ కడుపులో ఆ క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. పంతులుగారికి తెలిసే దారి లేదు. తెలిసిన మనం ఏం చేస్తున్నాం? ఏ ఉక్కు మేలు, అది తుప్పు పడుతుందా పట్టదా అని నెల రోజులు చర్చించుకుని, దోమతెర సంగతి బస్సెక్కాక కూడా తలుచుకోవడం లేదు.

పైగా గురువులు చూపించే మకాం స్థలం ఎలాంటిది? గలగల పారే సెలయేరు, పక్కనే చదునైన గడ్డినేల. మన కొండల్లో మలేరియాను మోసే దోమల్లో ముఖ్యమైన జాతి ఒకటి సరిగ్గా అలాంటి చోటే, గెడ్డ అంచున మెల్లగా కదిలే తేటనీళ్లలో, గుడ్లు పెడుతుంది. మురికి గుంటల దోమకు అలవాటుపడ్డ పట్నంవాళ్లకు ఇది ఎక్కదు. నీళ్లు అంత శుభ్రంగా ఉంటే దోమలెక్కడివి అంటారు. ఈ జాతి దోమ పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారే దాకా కుడుతుంది, అంటే మీరు మంట చుట్టూ కూర్చుని పాటలు పాడే వేళంతా. జ్వరం మాత్రం వెంటనే రాదు. వారం, రెండు వారాలు గడిచి, మళ్లీ ఆఫీసు పనిలో పడ్డాక వస్తుంది. అప్పుడు డాక్టరుకు ‘ఏజెన్సీలో పడుకుని వచ్చాను’ అని నోరు తెరిచి చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పక వైరల్ జ్వరమని మాత్రలు మింగుతూ కూర్చునేవాళ్లున్నారు.

కాబట్టి తెర ఎలాంటిదో, ఎలా కట్టాలో కాస్త వివరంగా చెబుతాను. కత్తి నూరడం మీద గంటలకు గంటలు పాఠాలున్నాయి గానీ దీని మీద లేవు. నాలుగు మూలలా ఉచ్చులున్న పెట్టె తెర తీసుకోండి. రెండు చెట్ల మధ్య నడుమెత్తున తాడు లాగి, దాని మీదుగా బరకం వేసి, బరకం కిందే తెర వేలాడదీయాలి. వాన వస్తే తెర తడవకూడదు. ఇంట్లో మంచం మీద అయితే అంచులు పరుపు కింద దోపుతాం కదా, ఇక్కడ చాప కింద దోపాలి. అందుకని తెర చాప కన్నా ప్రతి వైపూ జానెడు ఎక్కువుండాలి. ఇంకో సంగతి. నిద్రలో మోచెయ్యో మోకాలో తెరకు ఆనిందంటే దోమ బయట నుంచే పని కానిచ్చేస్తుంది. ఒకరికి సరిపోయే తెరలో ఇద్దరు సర్దుకుంటే ఇద్దరికీ దండగే. దోపేముందు టార్చి వేసి లోపల మూలలు చూసుకోవాలి. ఏజెన్సీ గూడేలకు ప్రభుత్వం మందు పట్టించిన తెరలు పంచుతున్నది ఊరికే కాదు.

ఇలా దోపుకున్న తెర దోమతో ఆగదు. కట్లపాము రాత్రిపూట తిరిగే పాము. నేల మీద పడుకున్నవాళ్ల పక్కల్లోకి చేరుతుంది, కరిస్తే చీమ కుట్టినంత నొప్పయినా తెలియకపోవచ్చు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి అందదు. చాప కింద గట్టిగా దోపిన తెర దానికీ అడ్డమే. పెద్ద సంచుల్లో పాముకాటు కిట్టు అని ఒక ప్లాస్టిక్ పంపు పెడుతున్నారు, కాటు మీద పెట్టి విషం పీల్చేస్తుందట. అది పీల్చే విషం లెక్కలోకి రాదు, చేసే చెడుపు మాత్రం ఉంటుంది. అంతకంటే పెద్ద చెడుపు, దానితో కుస్తీ పడుతూ ఆసుపత్రికి పోవాల్సిన అరగంటను పోగొట్టుకోవడం. మన నాలుగు పెద్ద విషసర్పాలకూ కలిపి ఒకే మందు ఉంది, అది ఆసుపత్రిలోనే ఉంది. కాబట్టి కిట్టు బదులు, దగ్గరి పెద్దాసుపత్రి ఎంత దూరం, రాత్రి బండి దొరుకుతుందా అన్నది కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. కొండ మీద ఫోను పలకదు. కొన్ని గూడేల నుంచి ఈనాటికీ రోగిని డోలీలో మోసుకుని దించాల్సిందే. మిమ్మల్ని మోసేది ఎవరో కూడా ముందే ఆలోచించుకోవాలి.

స్క్రబ్ టైఫస్ గురించి కూడా రెండు ముక్కలు. పొదల్లో, గడ్డిలో ఉండే నల్లిజాతి పురుగు పిల్ల కుడితే వచ్చే జ్వరం ఇది. కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కడుతుంది, ఎక్కువగా బట్ట ఒరుసుకునే చోట. సకాలంలో పోల్చుకుంటే డాక్సీసైక్లిన్ అనే చవక మందుతో తగ్గుతుంది, పోల్చుకోకపోతే ప్రాణం తీస్తుంది. దీనికి విరుగుడు చాప, నిండుచేతుల చొక్కా, ఇంటికి రాగానే స్నానం. ‘ప్రకృతి ఒడిలో’ అంటూ ఒట్టి గడ్డి మీద దొర్లే ఫోటోలు చూసినప్పుడల్లా నాకు ఆ పొక్కు గుర్తొస్తుంది.

ఇక కత్తి. కోసేది అక్కర్లేదని నేననను. తాడు కోయాలి, ఉల్లిపాయ తరగాలి, రొట్టె పొట్లం విప్పాలి. వీటికి వంటింటి చాకు ఎక్కువ. మరి వీడియోల్లో చూపించే పనులు, గుంజలు నరికి పందిరి వేయడం, దుంగ మీద కత్తి పెట్టి మోది చీల్చడం, మన దగ్గర ఎక్కడ చేస్తారు? రిజర్వు అడవిలో అనుమతి లేకుండా అడుగు పెట్టడం, చెట్టు నరకడం, నిప్పు పెట్టడం 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద నేరాలు. 2006 అటవీ హక్కుల చట్టం అడ్డాకులు కోసుకునే హక్కు, చీపురుపుల్లలు ఏరుకునే హక్కు ఇచ్చింది అక్కడ తరతరాలుగా ఉంటున్నవాళ్లకు. వారాంతంలో దిగిన మీకు, నాకు కాదు. సవర రైతు పోడు నరుక్కున్న నేరానికి దశాబ్దాల పాటు జరిమానాలు కట్టాడు, దెబ్బలు తిన్నాడు. ఆ కొండ మీదే పట్నం కుర్రాడు సరదాకి మోడు నరికి ‘నైపుణ్యం’ అనడం చూస్తే ఒళ్లు మండుతుంది.

ఆంధ్రా ఒడిశా సరిహద్దు కదా, గంజాయి తనిఖీలు మామూలే. పెద్ద సంచి, అందులో పెద్ద కత్తి, ఊరు అడిగితే హైదరాబాదు. మీరే కానిస్టేబులైతే ఏమనుకుంటారు? 9 అంగుళాలు మించిన పొడవో, 2 అంగుళాలు మించిన వెడల్పో ఉన్న కత్తులను ఆయుధాల నిబంధనలు లెక్కలోకి తీసుకుంటాయి, ఇంటి పనికీ పొలం పనికీ వాడేవాటికి మినహాయింపు ఇస్తాయి. రైతు చేతిలోని కత్తి ఏ పనికో అడగక్కర్లేదు. మీ చేతిలోది ఏ పనికని చెబుతారు?

అన్నిటికన్నా మామూలు ప్రమాదం ఇంకా చిన్నది. కొత్త కత్తి, కొత్త చెయ్యి, చీకటి. ఎడమచేతి బొటనవేలు తెగుతుంది. జాబితాలో కత్తి మొదటి స్థానంలో ఉంటుంది, దూది కట్టుబట్ట చివర్లో ‘వీలుంటే’ అని ఉంటుంది.

నిప్పు సంగతి తొందరగా తేల్చేస్తాను. ఫెర్రో రాడ్డు గీకి గీకి ఎండుపీచు అంటించడం సరదాగా ఉంటుంది, పెరట్లో చేసుకోండి. అడవిలోకి ప్లాస్టిక్ కవరులో చుట్టిన అగ్గిపెట్టె చాలు. 2021 డిసెంబరులో దాని ధర రెట్టింపైంది, అయినా రెండు రూపాయలే. మాఘం దాటాక మన కొండల మీద రాలిన ఆకు గలగలలాడుతూ ఉంటుంది, ఒక్క రవ్వ చాలు. ఆ రోజుల్లో రవ్వలు రాల్చే పరికరం మోసుకెళ్లి గొప్ప చెప్పుకోవడం నాకు అర్థం కాదు. మంట లేకపోతే తిండెలా అంటారా? మన తిండిలో మంట అక్కర్లేనివి ఎన్ని లేవు! పులిహోర మర్నాటి దాకా చెడదు. అటుకులు, బెల్లం, పలాస జీడిపప్పు, వేయించిన వేరుశనగ. చోడి అంబలి సీసాలో పోసుకుంటే తిండీ అదే, దాహానికీ అదే. ఎండు చేపలు మాత్రం ఇంట్లో పెట్టి రండి. వాసనకు కుక్కలు వస్తే మీ అదృష్టం, ఎలుగు వస్తే కాదు.

నీళ్ల దగ్గర మాత్రం ఆగాలి. సంచిలో అన్నిటికన్నా బరువైనదీ, అన్నిటికన్నా ముందు తగ్గించేదీ ఇదే. మన గాలి ఉప్పుగాలి, ఉక్క. చెమట ఆరదు, ఒంట్లోంచి పోతున్నది తెలియదు. పూటంతా కొండెక్కే మనిషికి మూడు నాలుగు లీటర్లు కావాలి. అంటే మూడు నాలుగు కిలోలు. ‘అంత మోయలేం, అందుకే ఫిల్టరు స్ట్రా ఉంది, ఏ గెడ్డలోనైనా తాగొచ్చు’ అని గురువులంటారు. వైశాఖంలో చాలా గెడ్డల్లో రాళ్లు తప్ప నీళ్లుండవు, స్ట్రా దేంట్లో పెడతారు? ఉన్నా, ఆ స్ట్రా క్రిములను వడకడుతుంది గానీ నీళ్లలో కరిగిపోయినదాన్ని ఆపలేదు. కిడ్నీ జబ్బుల వల్ల తాగునీటి మీద ఇంత భయం, ఇన్ని పరిశోధనలు, హిరమండలం నుంచి పైపులైను దాకా వెళ్లిన ఉద్దానం ఉన్న జిల్లాలో, తేటగా కనిపించే నీళ్లన్నీ మంచివేనని చెప్పడానికి ధైర్యం కావాలి. గొడ్డలి తీసేయండి, ఒక లీటరు నీళ్లు పెట్టండి. ఓఆర్ఎస్ పొట్లాలు రెండు వేసుకోండి. పొట్లానికి 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు ఒకటి. ఈ లెక్క గుర్తుంచుకోవాలి, కలిపింది చిక్కగా అయితే మేలు బదులు కీడు.

కప్పుకొస్తే, డేరా కొనకుండా ఎవరూ బయల్దేరరు. దోమలకు భయపడి జిప్పు వేసుకుంటే లోపల ఆవిరి, తీస్తే దోమలు. కళ్లంలో ధాన్యం మీద కప్పే బరకం దానికన్నా మనకు నప్పుతుంది. అంచుల్లో ఇత్తడి రింగులుంటాయి, నాలుగు వైపులా గాలి ఆడుతుంది, కాలం దాటితే ఇంట్లో ఇంకో పనికొస్తుంది. తాడు ఏదైనా ఫరవాలేదు. గోగునార పండించి నెల్లిమర్ల మిల్లుకు పంపిన జిల్లాలవాళ్లం, మనకు పారాకార్డు పాఠాలా అనిపిస్తుంది గానీ, నిజం చెప్పాలంటే వానలో నైలాను తాడే మేలు. నార తడిస్తే బిగుసుకుంటుంది, ముడి విప్పలేం.

బరకం ఏదన్నది కాదు, ఎక్కడ కడతామన్నది పెద్ద ప్రశ్న. దానికి సంచిలో జవాబుండదు. ఊరి పెద్దాయన్ని అడిగితే ఉంటుంది. ‘రేత్రికి ఎక్కడ తొంగుంటారు బాబూ? గెడ్డ కాడ మాత్రం ఒద్దు. పైన కొండలో వానొస్తే ఇక్కడ చుక్క పడకుండానే దిగిపోతాది’ అంటాడు. ఏ జాబితాలోనూ లేని ఆ వాక్యం ప్రాణం నిలబెడుతుంది. చైత్ర వైశాఖాల్లో సాయంత్రం పూట పట్టే ఉరుముల మబ్బుకు ఒంటరి తాటిచెట్టు కింద చేరకూడదని కూడా ఆయనే చెబుతాడు. ఇక దసరా సెలవులంటారా, ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. ఆ రోజుల్లో వాతావరణ వార్త వినకుండా బయల్దేరినవాడికి ఎంత ఖరీదైన డేరా అయినా ఒకటే.

ఇప్పుడు రెండో వైపు నుంచి ఒక గొంతు లేస్తుంది. ‘మరీ మంచిది, ఏదీ అక్కర్లేదు! సవరలు ఉత్తచేతులతో అడవికి పోవడం లేదా?’ సామాను పిచ్చికి విరుగుడుగా కనిపించే ఈ మాట దానికన్నా ప్రమాదం. పైగా అబద్ధం. పోడు చేనుకు రాత్రి కాపలా వెళ్లే మనిషిని చూడండి. నడుముకో, భుజానో కత్తి. ఆనపకాయ బుర్రలో అంబలి. దుప్పటి. బీడీలతో పాటు కవరులో మడిచిన అగ్గిపెట్టె. ఈ మధ్య టార్చిలైటు. అతను పోయి పడుకునేది నేల మీద కాదు, మంచె మీద. నాలుగు గుంజల మీద మనిషెత్తున కట్టిన తడక, పైన గడ్డి కప్పు. పంది రాదు, పాము రావడం తక్కువ, చేనంతా కనిపిస్తుంది. ఆ మంచె అతను ఆ రాత్రి కట్టింది కాదు, పంట కాలమంతటికీ కట్టుకున్నది. కేక వేస్తే పక్క మంచె మీద నుంచి బదులొస్తుంది. ఇంతా ఉన్న మనిషిని ‘ఉత్తచేతులు’ అనడం పొగడ్త కానే కాదు, చూడకపోవడం. అంత ఏర్పాటున్నా మలేరియాకు అతని ఇంట్లోనూ పిల్లలు పోయారు. అతని ఓర్పును మనం ఆదర్శంగా రాసుకోవడం, తన ఇంటికి తెర కావాలని అతను అడుగుతుండటం, రెండూ ఒకే కాలంలో జరుగుతున్నాయి.

సంచితో సంబంధం లేని ప్రమాదాలు రెండున్నాయి. ఏనుగులు ఒడిశా లఖేరి లోయ నుంచి 2007లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చాయి. ఇటీవలి ఏళ్లలో కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస పొలాల్లో మంద తిరుగుతూనే ఉంది, మనుషులు చనిపోయారు. 2023 మేలో భామిని మండలం కాట్రగడ దగ్గర నాలుగు ఏనుగులు కరెంటు తగిలి చచ్చిపోయాయి. ఉద్దానంలో ఎలుగుబంట్లు జీడితోటల్లోకే వస్తాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒకరిని చంపి, పలువురిని గాయపరిచిందొకటి. వీటి ముందు మీ గొడ్డలి బొమ్మ. ఈ వారం మంద ఎక్కడుందో అటవీశాఖ సిబ్బందిని అడగడం, అటు పోకుండా ఉండటం, అంతే. పందుల కోసం పొలాల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగ పెట్టేవాళ్లూ ఉన్నారు కాబట్టి చీకట్లో చేలకు అడ్డంపడి నడవకూడదు. అందుకే టార్చి రెండు కావాలి. ఒకటి ఆరిపోతే ఇంకోటి.

‘ఉంటే పోయిందేముంది, సంచిలో పడుంటుంది కదా’ అన్నది చివరి వాదన. చాలామంది కొనేది ఈ మాట విన్నాకే. పోయేది వెన్నెముక. ఒంటి బరువులో అయిదో వంతుకు మించి మోయవద్దని నడకలవాళ్లు పెట్టుకున్న లెక్క. అరవై కిలోల మనిషికి పన్నెండు కిలోలు, అందులో నాలుగు నీళ్లకే పోయాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీయాత్రకు వందమంది పరివారంతో కదిలాడు, ఆయన పల్లకీ మోయడానికి బోయీలున్నారు. గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామ్మూర్తి నాయుడు మన వీరఘట్టంలోనే పుట్టాడు, కానీ మనమందరం రామ్మూర్తులం కాము. శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కే జనాన్ని చూడండి, 1,501 మీటర్ల కొండ అది. అరవయ్యేళ్ల అమ్మలు గుడ్డమూట నెత్తిన పెట్టుకుని ఎక్కుతారు. బరువు ఎక్కువైనవాడు అలిసిపోతాడు, అలిసినవాడు చీకటి పడ్డాక చేరతాడు, చీకట్లో చేరినవాడు దొరికిన చోట పడుకుంటాడు. పైన చెప్పిన కష్టాలన్నీ ఆ దొరికిన చోటే ఉంటాయి.

తెర, బరకం, చాప, రగ్గు, తాడు, నీళ్లు, తిండి, టార్చిలు, మందుల పొట్లం, ఒక జత పొడిబట్టలు, చాకు, అగ్గిపెట్టె. స్కూలు సంచి కన్నా కాస్త పెద్దది సరిపోతుంది. చాలావరకు ఇంట్లో ఉన్నవే, లేనివి సంతలో దొరుకుతాయి.

ఇందులో బుష్‌క్రాఫ్ట్ ఏముందని మూతి విరుస్తారని తెలుసు. చేతిపని మీద ప్రేముంటే అడ్డాకుతో విస్తరి కుట్టడం నేర్చుకోండి. ఆకులు సరిచేసి, సన్న పుల్లతో అంచులు కలిసేలా గుచ్చడం చూసినంత తేలిక కాదు, నేర్పేవాళ్లు సీతంపేట చుట్టుపక్కల ఏ గూడెంలోనైనా ఉన్నారు, మీరు తీసుకునే సమయానికి కూలి ఇవ్వడం మరవకండి. చీకట్లో తడుముతూ బరకం కట్టడం, ఒంటిచేత్తో ముడి విప్పడం, గాలి ఏ వైపు తిరుగుతుందో చూసి పక్క వేయడం, ఇవన్నీ పనితనాలే. మొదటి రాత్రికి వీటికి అడవి కూడా అక్కర్లేదు. తెలిసినవాళ్ల మామిడితోట చాలు, అడిగి పడుకోండి. (ఉద్దానం జీడితోట వద్దు, ఎందుకో చెప్పాను.) తెల్లారాక సంచి బోర్లించి, ముట్టుకోకుండా మిగిలిపోయినవన్నీ ఒక పక్కన పెట్టండి. రెండో ప్రయాణానికి అవి ఇంట్లోనే ఉండాలి, వాటిని మీకు అంటగట్టినవాళ్లు ఏమన్నా సరే.